ఫోన్ అప్‌డేట్ అయిన రాత్రి నుంచి ఆఫీసు మెయిల్ తిరిగి వచ్చేదాకా: నా అనుభవం

భీమవరానికి దగ్గరలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో నేను పత్రాల విభాగం చూస్తుంటాను. వనామీ రొయ్యలను శుభ్రం చేసి, గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల కంటైనర్లలో విశాఖపట్నం రేవు మీదుగా అమెరికాకూ జపాన్‌కూ పంపుతాం. సరుకు వెంట వెళ్లే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఎగుమతి తనిఖీ సంస్థ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్, అమెరికాకు వెళ్లేదైతే రొయ్యల ఎగుమతిదారు ఇవ్వవలసిన డీఎస్-2031 అనే ప్రకటన ఫారం, చివరగా సరుకు ఓడకు అందిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్), ఇవన్నీ నా చేతి మీదుగానే పోతాయి. వీటిలో బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా అన్నిటికన్నా తొందరపెట్టే కాగితం. షిప్పింగ్ లైన్ వాళ్లు దాన్ని మెయిల్‌లో పంపి, ఇన్ని గంటల లోపల సరిచూసి ఒప్పుకోమంటారు. ఆ గడువు దాటాక పేరులో ఒక్క అక్షరం మార్చాలన్నా విడిగా రుసుము కట్టాలి, ఒక్కోసారి అసలు మార్పే కుదరదు. న్యూయార్క్‌లో కొనుగోలుదారు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి మెయిల్ తెరిచేసరికి మనకు సాయంత్రం అవుతుంది కాబట్టి, నా పనిలో ముఖ్యమైన ఉత్తరాలు చాలావరకు రాత్రి పూటే వస్తాయి. అందుకే కంపెనీ నాకు ఒక ఐఫోన్ 7 ఇచ్చి అందులో ఆఫీసు మెయిల్ పెట్టించింది. పగలు ప్లాంటులో ఉన్నా, రాత్రి ఇంట్లో ఉన్నా ఆ ఫోనే నా ఆఫీసు.

2019 సెప్టెంబరు 29, ఆదివారం రాత్రి, ఆ ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13కి మారింది. నేనే ఒప్పుకుని, ఛార్జింగ్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఫోన్ మామూలుగానే ఉంది. పాత మెయిళ్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, ఫోన్ నంబర్లు ఉన్నాయి. కొత్త మెయిల్ ఒక్కటీ లేదు. నవరాత్రులు మొదలైన రోజులు కదా, రాత్రి ఏమీ రాలేదేమో అనుకున్నాను. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ గంటలే. మెయిల్ రాకపోవడం వేరు, వచ్చింది మనకు చేరకపోవడం వేరు. ఫోన్ తెర మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మెయిల్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదన్న ఒక వాక్యం ఉంది, దాన్ని నేను పదింటి దాకా చూడనే లేదు.

పదింటికి విశాఖ నుంచి మా కస్టమ్స్ ఏజెంట్ ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, బీఎల్ డ్రాఫ్ట్ రాత్రే పంపారంటండి. మీ కన్ఫర్మేషన్ ఇంకా రాలేదని లైను వాళ్లు అడుగుతున్నారు" అన్నాడు. ప్లాంటు నుంచి ఆఫీసు గదికి దాదాపు పరుగెత్తాను. అక్కడి కంప్యూటర్‌లో ఆ మెయిల్ ఉంది, దానితో పాటు మరో పద్నాలుగు ఉన్నాయి. ముసాయిదా తెరిచి చూస్తే సరుకు అందగానే కబురు పంపవలసిన వారి చిరునామాలో జిప్ కోడ్ తప్పు పడింది. గడువుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది కాబట్టి సరిచేయించగలిగాను. ఆ నలభై నిమిషాలే లేకపోతే, కట్టవలసిన రుసుము సంగతి అటుంచి, బ్యాంకులో పత్రాలు సరిపోలక డబ్బు ఆగిపోయేది.

అంతా సర్దుకున్నాక ఫోన్ తీసి కూర్చున్నాను. మొదట పాస్‌వర్డ్ మీద అనుమానం వచ్చింది. మళ్లీ కొట్టాను, ఫలితం లేదు. ఫోన్ ఆపి తెరిచాను. వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టాను. ఇవన్నీ అందరూ చేసేవే, వాటి గురించి ఎక్కువ చెప్పను.

నన్ను అసలు దారి తప్పించింది ఒక పాత జ్ఞాపకం. 2017 సెప్టెంబరు 19న ఐఓఎస్ 11 వచ్చినప్పుడు అవుట్‌లుక్ డాట్ కామ్, ఆఫీస్ 365, విండోస్ సర్వర్ 2016 మీద నడిచే ఎక్స్ఛేంజ్ 2016 (మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సర్వర్) ఖాతాలు ఉన్నవాళ్లకు ఫోన్‌లోని మెయిల్ యాప్ నుంచి ఉత్తరాలు వెళ్లలేదు. సందేశాన్ని సర్వర్ తిరస్కరించిందన్న మాట మాత్రం వచ్చేది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 26న, 11.0.1 వచ్చి అది సర్దుకుంది. విశాఖలో మా వృత్తిలోనే ఉన్న ఒక స్నేహితురాలు అప్పుడు ఆ వారమంతా పడిన అవస్థ నాకు చెప్పింది. అది గుర్తుండటం వల్ల, ఇదీ అలాంటిదే, నాలుగు రోజులు ఓపిక పడితే వాళ్లే బాగుచేస్తారని గట్టిగా నమ్మేశాను. పైగా ఆ నెలలో ఐఓఎస్ 13కి సవరణలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. సోమవారం 13.1.2 వచ్చింది. మంగళవారం సాయంత్రం ఎంతో ఆశగా దాన్ని ఎక్కించుకున్నాను. ఏమీ మారలేదు. అప్‌డేట్ తర్వాత చెడింది గనుక అప్‌డేటే చెడగొట్టిందన్న నిర్ణయానికి వచ్చేసిన నేను, మా వైపు ఏమైనా లోపం ఉందేమో చూడాలన్న ఆలోచనే లేకుండా రెండు రోజులు పోగొట్టాను.

ఆ మంగళవారం రాత్రే అన్నిటికన్నా పెద్ద పొరపాటు చేశాను. ఖాతా తీసేసి మళ్లీ పెట్టుకుంటే సరిపోతుందని మా అక్క కొడుకు చెప్పాడు. చాలా సందర్భాల్లో అది మంచి సలహాయే. తీసేసేటప్పుడు, ఈ ఖాతాకు చెందిన క్యాలెండర్లు, నంబర్లు కూడా ఫోన్ నుంచి పోతాయని ఫోన్ స్పష్టంగా హెచ్చరించింది. మళ్లీ పెట్టగానే వస్తాయి కదా అని సరే కొట్టాను. పెట్టబోతే ఖాతా ధ్రువీకరణ దగ్గరే ఆగిపోయింది, ఎన్నిసార్లు ప్రయత్నించినా ముందుకు పోలేదు. అంటే ఖాతా తీసెయ్యక ముందు నా దగ్గర పాత మెయిళ్లైనా చదువుకోవడానికి ఉండేవి, ఇప్పుడు అవీ లేవు. అంతకన్నా నష్టం నంబర్లు పోవడం. ఆరేళ్లుగా నేను ఫోన్‌లో చేర్చుకున్న నంబర్లన్నీ, విశాఖ ఏజెంట్‌వి, లారీ ట్రాన్స్‌పోర్ట్ వారివి, తనిఖీ అధికారులవి, విదేశీ కొనుగోలుదారులవి, ఆఫీసు ఖాతాలోనే చేరుతూ వచ్చాయని నాకు ఆ రాత్రే తెలిసింది. ఫోన్‌లో మిగిలినవి ఇంటివాళ్ల నంబర్లు ఇరవయ్యో ముప్ఫయ్యో. ఇలాంటి ఇబ్బంది ఎవరికి వచ్చినా నేను ముందుగా చెప్పేది ఒక్కటే: కారణం తెలియకుండా పనిచేయని ఖాతాను తీసెయ్యకండి. అది లోపల దాచి ఉంచినవాటి మీద మీకు ఇంకా అధికారం ఉంది, తీసేశాక ఉండదు.

బుధవారం గాంధీ జయంతి సెలవు. భీమవరంలో మొబైల్ షాపుకు వెళ్తే పాత వెర్షన్‌కు మార్చి ఇస్తామన్నారు. ఫోన్ మొత్తం చెరిపి చేయాలన్నారు, పాత వెర్షన్‌కు వెళ్లే వీలు కూడా కొద్ది రోజులే ఉంటుందన్నారు. నాకు మనసొప్పలేదు. అక్కడి నుంచి వచ్చాక మాత్రం, మొదటి రోజే చేయవలసిన పని ఒకటి చేశాను. మా ప్లాంటులో ఉత్పత్తి చూసే ఆయనకు కూడా ఐఫోనే ఉంది, ఆయన ఇంకా ఐఓఎస్ 12లోనే ఉన్నారు. ఆయన మెయిల్ చక్కగా వస్తోంది. ఆయన అనుమతి తీసుకుని నా ఖాతాను ఆ ఫోన్‌లో కాసేపు పెట్టి చూస్తే పనిచేసింది. నా పాస్‌వర్డ్, నా ఖాతా, మా సర్వర్ సవ్యంగానే ఉన్నాయి, అయినా కొత్త వెర్షన్ ఉన్న ఫోన్ మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆయన ఫోన్‌లోనూ ఖాతా పెట్టేటప్పుడు సర్వర్ ఎవరిదో నిర్ధారించలేకపోతున్నామన్న హెచ్చరిక వచ్చింది, పక్కనే కొనసాగించు అన్న మాట ఉంది, అది నొక్కగానే పని అయిపోయింది. నా ఫోన్‌లో ఆ దారి మూసుకుపోయింది. ఆ తేడా నేను కళ్లారా చూశాను, దాని అర్థం మాత్రం అప్పటికి తెలియలేదు.

గురువారం మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు ఇంజినీరుకు ఫోన్ చేసి ఈ సంగతి వివరంగా చెప్పాను. ఆయన విజయవాడ నుంచి వస్తుంటారు. మొదట ఆయనా అప్‌డేట్ గొడవే అయ్యుంటుందన్నారు. పక్క ఫోన్‌లో వచ్చిన ఆ హెచ్చరిక గురించి చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. "మేడం, అది సర్టిఫికెట్ హెచ్చరికండి. మనది మనమే తయారు చేసుకున్నది. సాయంత్రానికి చూసి చెబుతాను" అన్నారు.

సాయంత్రం ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. మా మెయిల్ సర్వర్ మా ఆఫీసులోనే, ఒక చిన్న గదిలో ఉంటుంది, అందులో ఎక్స్ఛేంజ్ 2010 నడుస్తోంది. ఫోన్ ఆ సర్వర్‌తో మాట్లాడే ముందు, నువ్వు నిజంగా ఫలానా కంపెనీ సర్వర్‌వేనా అని అడుగుతుంది. సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. మాది 2015లో సర్వర్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్. బయటి సంస్థ ఏదీ దానికి పూచీ లేదు. దాని మీది సంతకం ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతిలో చేసింది. రెండు వేర్వేరు పత్రాలకు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 గుర్తు వచ్చేలా చేయవచ్చని 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ, గూగుల్ పరిశోధకులు చేసి చూపించారు, అంటే ఆ సంతకాన్ని ఇక నమ్మడానికి లేదు. ఐఓఎస్ 13 నుంచి అలాంటి సంతకమున్న సర్టిఫికెట్లను ఫోన్ అంగీకరించదు. సర్టిఫికెట్‌లోని తాళం, అంటే సంకేత రహస్యంగా వాడే పొడవాటి సంఖ్య, 2048 బిట్ల కన్నా చిన్నదైనా అంగీకరించదు, సర్వర్ పేరు సర్టిఫికెట్‌లో నిర్ణీత స్థానంలో లేకపోయినా అంగీకరించదు. ఈ నియమాలను ఆపిల్ ముందుగానే ప్రకటించి ఉంచింది. మాకు చదివినవాళ్లు లేరు.

ఇది విన్నప్పుడు నాకు నా పనే గుర్తొచ్చింది. దిగుమతి చేసుకునే దేశం హెల్త్ సర్టిఫికెట్ నమూనా మార్చిందనుకోండి, మనం పాత నమూనాలోనే పంపితే అక్కడి రేవులో సరుకు ఆపేస్తారు. రొయ్య మంచిదే, కాగితం చెల్లదు. అలాంటప్పుడు రేవు అధికారిని తిట్టుకుని లాభం లేదు, కొత్త నమూనా వచ్చిందని తెలుసుకోవలసిన బాధ్యత నాది. నా ఫోన్ ఆ రేవు అధికారి చేసిన పనే చేసింది.

అంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం వేరే ఉంది. 2015 నుంచి మా ఆఫీసులో ఎవరు ఇంటి నుంచి బ్రౌజర్‌లో మెయిల్ తెరిచినా ఎర్రటి హెచ్చరిక వచ్చేది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ, ఏం కాదు, కింద నొక్కి ముందుకు వెళ్లండి అని నేనే నేర్పించాను. విదేశీ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు, మెయిల్‌లోకి చొరబడినవాడు ఇన్‌వాయిస్‌లో బ్యాంకు ఖాతా నంబరు మార్చి పంపితే కంటైనర్ ధర మొత్తం ఇంకొకడి చేతికి పోతుంది. ఏ విమానాశ్రయంలోనో ఉచిత వైఫై మీద ఎవడైనా మా సర్వర్‌నని చెప్పుకుని మధ్యలో నిలబడితే, హెచ్చరికను దాటేయడం అలవాటైన నేను నా పాస్‌వర్డ్‌ను వాడి చేతికే ఇచ్చేదాన్ని. అలా జరగలేదు, కానీ జరగకుండా ఆపినది మా జాగ్రత్త మాత్రం కాదు.

ఈలోగా పని ఆగదు. రాత్రి మెయిళ్లన్నీ నా సొంత జీమెయిల్‌కు మళ్లించమని మా మేనేజరుగారు సూచించారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. అయినా కొనుగోలుదారుల ధరలు, బ్యాంకు పత్రాలు నా సొంత ఖాతాలో పడటం నాకు ఇష్టం లేదని, ఈ వారం రాత్రి పదిన్నర దాకా ఆఫీసు కంప్యూటర్ దగ్గరే ఉంటానని చెప్పాను. ఆయన ఒప్పుకుని నన్ను ఇంటికి చేర్చడానికి కంపెనీ బండి ఏర్పాటు చేశారు. దసరా ముందు రోజులు పిల్లలు బొమ్మల కొలువు పెట్టుకుంటే చూడలేకపోయాను. షిప్పింగ్ లైన్ వారికీ, ముఖ్యమైన కొనుగోలుదారులకూ, తొందర పని ఉంటే మెయిల్‌తో పాటు ఫోన్ కూడా చేయమని రాశాను. ఆ ఒక్క ఉత్తరం సోమవారమే రాసి ఉండవలసింది.

శుక్రవారం, అక్టోబరు 4న, ఇంజినీరుగారు కొత్త సర్టిఫికెట్ తయారు చేశారు. సంతకం కొత్త పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-256, తాళం 2048 బిట్లు, పేరు ఉండవలసిన చోట ఉంది. దాన్ని నా ఫోన్‌కు పంపి, ప్రొఫైల్‌గా ఎక్కించి, సెట్టింగ్స్‌లో దీన్ని పూర్తిగా నమ్ముతున్నాను అన్న మీట కూడా వేయించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని ఇద్దరం అనుకుని ఖాతా పెట్టాం. మళ్లీ అదే నిరాకరణ. ఆ క్షణంలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారణం తెలిసిపోయిందని అనుకున్నాక కూడా తలుపు తెరుచుకోకపోతే, మొదటి రోజు కన్నా ఎక్కువ నిస్సహాయంగా ఉంటుంది.

ఆయన ఆ నియమాల పేజీని మళ్లీ మొదటి నుంచి చదివారు, ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాక్యం వాక్యం. చివరలో ఉంది అసలు సంగతి. 2019 జులై 1 తర్వాత జారీ అయిన సర్టిఫికెట్లకు ఇంకో రెండు షరతులు అదనం: అది సర్వర్ కోసమేనని అందులో రాసి ఉండాలి, దాని చెల్లుబాటు 825 రోజులకు మించకూడదు. మా పాతది 5 ఏళ్లకు చేసింది కాబట్టి, అలవాటుగా కొత్తదీ 5 ఏళ్లకే చేశారాయన. అది 1,827 రోజులు. ఇంత బాగా చేసినది కేవలం ఎక్కువ కాలం బతుకుతానన్నందుకు చెల్లలేదు. దీనిలో ఉన్న న్యాయం ఆయన వివరించాకే నాకు తెలిసింది: తాళం ఎవరి చేతిలోనైనా పడితే అది ఎంత త్వరగా చెల్లకుండా పోతే అంత మేలు, పద్ధతులు మారినప్పుడు పాతవి ఏళ్ల తరబడి వేలాడకుండా ఉంటాయి.

ఇంకోటి తక్కువ కాలానికి మనమే చేసుకోవచ్చు, కానీ అలా చేస్తే ప్రతి ఫోన్‌లోనూ ప్రొఫైల్ ఎక్కించాలి, బ్రౌజర్‌లో ఆ ఎర్ర హెచ్చరిక అలాగే ఉంటుంది. అందరూ నమ్మే బయటి సంస్థ దగ్గర రెండేళ్లకు కొంటే ఆ రెండూ పోతాయన్నారాయన. ఖర్చు కొన్ని వేల రూపాయలు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఒక్క దిద్దుబాటుకు మేము కట్టిన సందర్భాలతో పోల్చి, జిప్ కోడ్ సంగతి కూడా రాసి, ఒక పేజీ నివేదిక మేనేజరుగారికి ఇచ్చాను. ఎర్ర హెచ్చరికను దాటేయమని ఇన్నాళ్లు అందరికీ నేర్పింది నేనేనని కూడా అందులో రాశాను. ఎండీగారి సంతకం శనివారమే దొరికింది, కానీ దసరా సెలవుల వల్ల డబ్బు చెల్లింపు బుధవారానికి పడింది. ఆ డొమైన్ మాదేనని రుజువు చేయడానికి అడ్మిన్ చిరునామాకు ఒక మెయిల్ వస్తుంది, అందులోని లింకు నొక్కాలి. ఆ పెట్టెను ఏళ్లుగా ఎవరూ తెరవలేదు, దాని పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్లడానికే ఒక పూట పట్టింది.

అక్టోబరు 10, గురువారం మధ్యాహ్నం సర్వర్‌లో కొత్త సర్టిఫికెట్ పెట్టారు. నేను ఫోన్ నుంచి ముందు ఆ పాత ప్రొఫైల్ తీసేశాను, తర్వాత ఖాతా పెట్టాను. ఈసారి ఫోన్ ఏమీ అడగలేదు. కాసేపటికి మెయిళ్లు దిగడం మొదలైంది, పది రోజులవి, ఒకటొకటిగా. వాటి వెనకే నంబర్లు వచ్చాయి. అవి సర్వర్‌లో క్షేమంగానే ఉన్నాయని ఇంజినీరుగారు ముందే చెప్పినా, విశాఖ ఏజెంట్ పేరు తెర మీద కనిపించేదాకా నాకు నమ్మకం కుదరలేదు. మరునాడే వాటన్నిటికీ ఇంకో ప్రతి తీసి పెట్టుకున్నాను. ఉత్పత్తి చూసే ఆయన కూడా ఆ వారమే తన ఫోన్ అప్‌డేట్ చేసుకున్నారు, ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు.

కొత్త సర్టిఫికెట్ 2021 అక్టోబరు దాకా చెల్లుతుందని నా బల్ల ఎదుట గోడ మీద ఒక చీటీ అంటించాను. మధ్యలో రెండు క్యాలెండర్లు మారాయి, ఆ చీటీ మాత్రం తీయలేదు. 2021 సెప్టెంబరు మొదటి వారంలో నేనే విజయవాడకు ఫోన్ చేశాను.